అక్కకి బయాప్సీ రాశారు. కొడుకు పోయి మూడు నెలలు, ఇంట్లో మంచాన పెద్దవాళ్లు. ఎలా నడపాలి?

కువైట్ చెల్లెలు

అందరికీ నమస్కారమండీ. విషయం మా అక్కది. వయసు 52, రాజోలు దగ్గర లంక ఊరు. మూడు నెలల కిందట 23 ఏళ్ల కొడుకు బండి ప్రమాదంలో పోయాడు. కూతురు డిగ్రీ చదువుతోంది. అమ్మానాన్న అక్క దగ్గరే ఉంటారు. నాన్నకి 81, రెండు పూటలా ఇన్సులిన్, మనిషి పట్టుకుని లేపాలి. అమ్మకి 76, మతిమరుపు జబ్బు, మనవడు ఏడని రోజూ అడుగుతుంది. బావ చేపల చెరువు మీద ఉంటాడు, రాత్రిళ్లు ఇంట్లో ఉండడు.

అక్కకి ఎడమ రొమ్ములో గడ్డ తగిలింది. స్కానింగ్ రిపోర్టులో 'బైరాడ్స్ 4బి' అని ఉంది. మామోగ్రామ్, కోర్ బయాప్సీ రాశారు. అక్క 'సంవత్సరీకం అయ్యాక చూద్దాంలే' అంటోంది. చుట్టాలు 'సూది గుచ్చితే పాకుతుంది' అని భయపెడుతున్నారు. ఎన్నాళ్లు ఆగవచ్చు? ఆ రోజు ఏమేం చేస్తారు? అక్క ఆసుపత్రికి వెళ్తే పెద్దవాళ్లని ఎవరు, ఎలా చూడాలి? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

రొమ్ము క్లినిక్ నర్సు, కాకినాడ

బైరాడ్స్ అంటే స్కానింగులో కాన్సరు అనుమానం ఎంతుందో చెప్పే లెక్క. 4బి అంటే నూటికి 10 నుంచి 50 వరకు కాన్సరు ఉండే అవకాశం. అంటే కనీసం సగం మందికి అది కాన్సరు కాదు. కానీ చెయ్యి పెట్టి గానీ, స్కానింగు చూసి గానీ ఎవరూ తేల్చలేరు, ముక్క తీసి చూడాల్సిందే. వారం పది రోజులు అటూ ఇటూ అయితే మునిగిపోయేదేమీ లేదండి. మాసికం తిథి దాటించి పెట్టుకోండి, ఫర్వాలేదు. సంవత్సరీకం దాకా అంటే మాత్రం ఇంకా తొమ్మిది నెలలు. అదే కాన్సరైతే చిన్న ఆపరేషన్‌తో పోయేది ఆ లోపు చంకలోకి పాకే ప్రమాదం ఉంది. సూది గుచ్చితే పాకుతుందన్న మాట ఊళ్లో అందరూ అంటారు గానీ, ఏ దేశంలోనైనా ఆపరేషన్‌కి ముందు చేసేది ఈ పరీక్షే. అసలు భయపడాల్సింది ఇంకోటుంది. ముక్క పరీక్ష లేకుండా 'గడ్డ తీసేద్దాం' అని నేరుగా కోసెయ్యడం. అది కాన్సరని తర్వాత తేలితే మళ్లీ కొయ్యాలి, మొదటి కోత అడ్డదిడ్డంగా ఉంటే రెండోది పెద్దదవుతుంది. కాబట్టి 'ముందు కోర్ బయాప్సీ, ఆ రిపోర్టు చూశాకే కత్తి' అని అడగండి.

మామోగ్రామ్ రోజు ఒంటికి పౌడరు, సెంటు, పసుపు, నొప్పి బామ్ ఏదీ రాయకూడదు. పౌడరు రేణువులు ఫిల్ములో సున్నపు చుక్కల్లా కనబడి లేని అనుమానం పుట్టిస్తాయి. చీర కట్టుకుని వెళ్తే పైభాగం ఒక్కటే తీయొచ్చు, నైటీ అయితే మొత్తం విప్పాలి. మెడలో లోహం ఉండకూడదు. సూత్రాలు తీయడానికి చాలామంది బాధపడతారు, పైగా ఇంట్లో ఇప్పుడున్న పరిస్థితిలో మరీను. ముందురోజే ఇంట్లో పసుపుకొమ్ము కట్టిన పసుపుతాడు వేసుకుని, సూత్రాలు బీరువాలో పెట్టి వస్తే ఆ గదిలో ఆ మాటే రాదు. ఒక్కో రొమ్ముకి రెండు చొప్పున నాలుగు ఫిల్ములు, ప్రతిదానికీ కొన్ని సెకన్ల పాటు గట్టిగా నొక్కుతారు. నొప్పి ఉంటుంది, ఉండదని చెప్పొద్దు.

బయాప్సీకి పరగడుపు అక్కర్లేదు, టిఫిన్ తిని రావాలి. తినకుండా వచ్చినవాళ్లే కళ్లు తిరిగి పడిపోతారు. రక్తం పలచబడే మందులు వాడుతుంటే ముందే చెప్పాలి, సొంతంగా ఆపకూడదు. చర్మం కింద మత్తు సూది వేస్తారు, మంట అంతా దానిదే. ఆ తర్వాత స్కానింగులో చూస్తూ 14 గేజి సూదితో నాలుగైదు ముక్కలు తీస్తారు. తీసిన ప్రతిసారీ టప్‌మని శబ్దం వస్తుంది. ముందు తెలియకపోతే ఉలిక్కిపడి కదులుతారు, అందుకని ఒకసారి ఖాళీగా కొట్టి వినిపించమని అడగండి, మంచి డాక్టర్లు వినిపిస్తారు. తర్వాత పది పదిహేను నిమిషాలు అదిమి పట్టి ఉంచి, పట్టీ వేసి పంపేస్తారు. నొప్పికి పారాసెటమాల్ చాలు. ఆస్పిరిన్, బ్రూఫెన్ వద్దు, రక్తం కారుతుంది. చర్మం కమిలి నీలంగా వారం పది రోజులు ఉండటం మామూలే. పట్టీ తడిసేంత రక్తమో, జ్వరమో వస్తే వెనక్కి రావాలి. బయాప్సీ అయ్యాక రెండు రోజులు అక్క బరువులు ఎత్తకూడదు. అంటే మీ నాన్నగారిని లేపకూడదు. అక్క ఆసుపత్రిలో ఉండే ఆ నాలుగు గంటలకే కాదు, ఆ తర్వాత 48 గంటలకీ మనిషిని చూసుకోండి.

ఇంకోటి. ఇది చాలామందికి తట్టదు. రొమ్ము పరీక్ష ఫారంలో 'పిల్లలెంతమంది, మొదటి కాన్పు ఏ వయసులో, పాలెన్నాళ్లు ఇచ్చారు' అని తప్పకుండా ఉంటుంది. కౌంటర్లో ఒకరు, మామోగ్రామ్ గదిలో ఒకరు, డాక్టరు ఒకరు, మూడుచోట్లా అడుగుతారు. కొడుకు పోయిన తల్లికి సూది కన్నా అదే గుచ్చుకుంటుంది. తెల్ల కాగితం మీద పెద్దక్షరాలతో రాసి ఫైలు పైన పిన్ను చేయండి: 'కాన్పులు 2, ఉన్నవారు 1. కొడుకు ఈమధ్యే మరణించారు. దయచేసి మళ్లీ అడగవద్దు.' కింద మొదటి కాన్పు వయసు, పాలిచ్చిన నెలలు, నెలసరి ఆగిన వయసు, వాడుతున్న మందులు, ఇంటివాళ్లలో కాన్సరు ఎవరికైనా ఉంటే ఆ వివరం. డాక్టర్లు కేసు కాగితం మీద 'పీ2 ఎల్1' అని రాసుకునేది ఇదే, కాబట్టి వింతగా చూడరు. మాట్లాడేది తోడు వచ్చినవాళ్లు. అక్క పేరు, పుట్టిన తేదీ చెబితే చాలు. గడ్డ ఏ పక్కనో మాత్రం తన నోటితోనే చెప్పించండి, అది కాగితానికి వదలకూడదు.

ప్యాథాలజీ టెక్నీషియన్, రాజమండ్రి

నర్సు గారు అన్నీ చెప్పారు. ముక్క తీశాక ఏమవుతుందో నేను చెప్తానండి, ఎక్కువగా తేడా వచ్చేది అక్కడే.

తీసిన ముక్కలు వెంటనే 10 శాతం ఫార్మలిన్‌లో, అంటే ముక్క చెడకుండా ఉంచే ద్రవంలో పడాలి, ముక్కల కంటే పదింతలు ద్రవం ఉండాలి. సెలైన్‌లోనో స్పిరిట్‌లోనో వేసి పంపితే కాన్సరా కాదా అన్నది ఎలాగోలా చెప్పగలం గానీ, హార్మోను పరీక్షలు దెబ్బతింటాయి. ఫార్మలిన్‌లో కనీసం 6 గంటలు, 72 గంటలకి మించకుండా ఉండాలి. శనివారం మధ్యాహ్నం తీయించుకుంటే ఆదివారం ల్యాబు మూసి ఉండి, సోమవారం పండగేమైనా పడితే లెక్క తప్పుతుంది. అందుకని సోమవారం నుంచి గురువారం లోపు పెట్టుకోండి. డబ్బా మీద, డబ్బాతో పంపే కాగితం మీద పేరు, వయసు, 'ఎడమ' అన్న మాట ఉన్నాయో లేదో తోడు వచ్చినవాళ్లు కళ్లారా చూడాలి. మూత మీద మాత్రమే రాస్తే ఒప్పుకోకండి, మూతలు మారిపోతాయి. పేరు ఆధార్‌లో, బియ్యం కార్డులో ఎలా ఉందో అక్షరం తేడా లేకుండా అలాగే ఉండాలి. రేపు ఎన్టీఆర్ వైద్యసేవలో, అంటే మనం ఆరోగ్యశ్రీ అనే దాంట్లో, కేసు నమోదు చేసేటప్పుడు ఇంటిపేరు ముందా వెనకా అన్న తేడాకి కూడా రోజులు పోతాయి.

ఎఫ్ఎన్ఏసీ అని సన్నసూది పరీక్ష ఒకటుంది, చవక. అది ఉత్త కణాలనే చూపిస్తుంది. కాన్సరైతే కణజాలంలోకి చొచ్చుకుపోయిందా లేదా అన్నది దాంట్లో తెలీదు, తర్వాత ఎలాగూ కోర్ చేయాలి. రెండుసార్లు గుచ్చించుకునే ఓపిక ఇప్పుడు ఆవిడకి ఉండదు కదండీ, నేరుగా కోర్‌కే వెళ్లండి.

మామూలు రిపోర్టుకి మూడు నుంచి ఏడు రోజులు. కాన్సరని తేలితే ఏ మందు పనికొస్తుందో చెప్పే ఈఆర్, పీఆర్, హెర్2 అనే రంగు పరీక్షలు, ఇంకో వారం దాకా పడుతుంది. హెర్2 దగ్గర '2+' అని వస్తే అది అవుననీ కాదు, కాదనీ కాదు. ఫిష్ అనే ఇంకో పరీక్ష కావాలి, దానికి డబ్బూ రోజులూ ఎక్కువే. ఇది ముందే తెలిసి ఉంటే 'రిపోర్టు దాచారు' అని అనుమానపడరు. ముక్కలు పెట్టి పోసిన మైనపు దిమ్మెలూ, వాటి గాజు స్లైడ్లూ మీవే, రసీదు ఇచ్చి అడిగితే ఇస్తారు. విశాఖ హోమీ భాభా ఆసుపత్రికి గానీ ఇంకెక్కడికైనా గానీ వెళ్తే ముందు అడిగేవి అవే. ఎండలో కారు డాష్‌బోర్డు మీద పెట్టకండి, దిమ్మె కరుగుతుంది.

ఫోను నంబరు సంగతి. ఈమధ్య ల్యాబులు రిపోర్టుని వాట్సాప్‌లో పంపేస్తున్నాయి, రాత్రి పదింటికైనా సరే. ఇంట్లో ఒంటరిగా ఉండగా ఆ మాట చదవడం ఎవరికీ మంచిది కాదు. ఎవరి నంబరు ఇవ్వాలో అక్కనే అడిగి ఆ నంబరు రాయించండి, 'డాక్టరు గారికి చూపించేదాకా తెరవం' అని ముందే అనుకోండి. ఇక పాత ఆసుపత్రి ఫైళ్లలో, ఆధార్‌లో చూస్తే ఇంటిల్లిపాదికీ ఆ అబ్బాయి నంబరే ఉండే అవకాశం ఎక్కువ, కుర్రాళ్లే కదా అన్నీ రాయించేది. ఓటీపీలు ఆ ఫోనుకే పోతాయి. ఆ సిమ్ము రీచార్జి ఆపకండి, నంబరు ఇంకొకరికి వెళ్లిపోతే కార్డుల పనులన్నీ ఆగిపోతాయి. ఆధార్ కేంద్రంలో ముందు అక్క నంబరు మార్పించి, తర్వాత మిగతావాళ్లవి.

ఇంటి నర్సింగ్, పాలకొల్లు

పెద్దవాళ్లని ఆసుపత్రికి తీసుకెళ్లడం, చుట్టాలింట్లో దింపడం రెండూ వద్దు. మతిమరుపు ఉన్నవాళ్లకి చోటు మారితే ఆ రాత్రి నిద్ర ఉండదు, తలుపులు తీసుకుని వెళ్లిపోతారు. మనిషే ఇంటికి రావాలి. ఆ మనిషి ముందురోజు సాయంత్రమే వచ్చి, ఒక ఇన్సులిన్ పూట అక్క చేతుల మీదుగా చూసి, ఒక పూట తన చేత్తో చేసి చూపించాలి. చీటీ రాసిస్తే సరిపోతుందనుకుంటారు, సరిపోదు.

ఎందుకంటే సిరంజీల్లో రెండు రకాలున్నాయి. ఎర్రమూతది 40 బలం ఇన్సులిన్‌కి, నారింజ మూతది 100 బలానికి. సీసా మీద '40 ఐయూ' అని ఉంటే ఎర్రమూతే వాడాలి. 100 బలం మందుని ఎర్రమూత సిరంజీలో 20 గీతల దాకా లాగితే వెళ్లేది 50 యూనిట్లు. 81 ఏళ్ల మనిషికి అది ప్రాణాంతకం. సీసా, సిరంజీ రెండూ పక్కపక్కన పెట్టి ఫోటో తీసి గోడకి అంటించండి. తెల్లగా మబ్బుగా ఉండే రకమైతే కుదపకుండా, రెండు అరచేతుల మధ్య నెమ్మదిగా దొర్లించాలి. అన్నం గిన్నెలో కనబడ్డాకే సూది. ముందు షుగర్ చూసి 100 లోపు ఉంటే డోసు వేసే ముందు డాక్టరుకి ఫోన్ చేయాలి. 70 లోపు అయితే మూడు చెంచాల పంచదార అర గ్లాసు నీళ్లలో కలిపి తాగించి, పావుగంటకి మళ్లీ చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పొయ్యకూడదు, పక్కకి తిప్పి పడుకోబెట్టి 108. వాడుతున్న సీసా 28 రోజులు దాటితే పారేయండి. ఎండాకాలం కరెంటు పోయినప్పుడు మట్టికుండలో, నీళ్లు తగలకుండా చిన్న డబ్బాలో పెట్టి ఉంచితే సరిపోతుంది. ఫ్రిజ్‌లో డీప్ ఫ్రీజరు పక్కన పెట్టి గడ్డకట్టించిన మందు మళ్లీ కరిగినా పనికిరాదు.

అమ్మగారు మనవణ్ణి అడిగినప్పుడు ప్రతిసారీ 'పోయాడు' అని చెప్పకండి. ఆవిడకి ప్రతిసారీ అది మొదటిసారే, ఆ ఏడుపు అక్కకి మళ్లీ మొదటి రోజే. అలాగని 'రేపొస్తాడు' అని కూడా చెప్పొద్దు, రేపు గుమ్మంలో కూర్చుంటారు. 'వాడి మీద బెంగగా ఉందామ్మా? చిన్నప్పుడు ఏం చేసేవాడో చెప్పు' అని ఆవిడ చేతే మాట్లాడించండి. రెండు మాటలయ్యాక మల్లెపూలు కట్టడమో, చిక్కుళ్లు తుంచడమో చేతికి పని ఇవ్వండి. అడిగేది ఎక్కువగా సాయంత్రం పొద్దుగుంకే వేళ, ఆ టైముకి లైట్లన్నీ వెయ్యండి. హాల్లో దండ వేసిన ఫోటో ఉంటే, దాన్ని చూసి రోజుకి పదిసార్లు అడుగుతారు. అక్క ఒప్పుకుంటే దాన్ని తన గదిలోకి మార్చండి. ఒప్పుకోకపోతే వదిలెయ్యండి, అది ఆవిడ ఇష్టం. ఉన్నట్టుండి అమ్మగారి గందరగోళం రెండింతలైతే మాత్రం మతిమరుపు ముదిరిందనుకోకండి, మూత్రం పరీక్ష చేయించండి. ముసలివాళ్లకి మూత్రంలో ఇన్ఫెక్షన్ జ్వరం లేకుండా ఇలాగే బయటపడుతుంది.

కువైట్ చెల్లెలు

చాలా చాలా థాంక్సండి. అమ్మ సంగతి మాకెవరూ ఇలా చెప్పలేదు. ఇంకో రెండు అడుగుతాను. అక్క రాత్రిళ్లు నిద్రపోవడం లేదు, మందుల షాపులో ఇచ్చిన ఆల్ప్రాజోలం నెల నుంచి వేసుకుంటోందట. గుండె దడ అంటోంది, బాగా చిక్కిపోయింది. ఇది దుఃఖమా, జబ్బా? రెండోది, గోదారికి వరద వస్తుందేమోనని భయం. డేటు ఎప్పుడు పెట్టుకోవాలి?

పీహెచ్‌సీ డాక్టరు, కోనసీమ

మూడు నెలలకి నిద్ర లేకపోవడం, అన్నం సయించకపోవడం, దడ, గుండెల్లో బరువు దుఃఖంలో ఉండేవే. కానీ 'కొడుకు దిగులు' అని ప్రతిదానికీ పేరు పెట్టేస్తే లోపలున్నది దాక్కుంటుంది. 52 ఏళ్ల ఆడమనిషికి దడ అంటే ఈసీజీ, బీపీ, హిమోగ్లోబిన్, షుగర్, థైరాయిడ్ చూడాలి. చిక్కిపోవడానికి థైరాయిడ్ కారణమైతే అదొక్కటే మాత్రతో సర్దుకుంటుంది. జుట్టు రాలడానికి బయోటిన్ మాత్రలు వేసుకుంటుంటే థైరాయిడ్ పరీక్షకి రెండు రోజుల ముందు ఆపాలి, లేకపోతే తప్పుడు రిపోర్టు వస్తుంది. ఈ రక్త పరీక్షలన్నీ ఒకే రోజు, ఒకే సూదితో అయిపోయేలా బయాప్సీకి రెండు రోజుల ముందు పెట్టుకోండి. ఛాతీలో పట్టేసినట్టు నొప్పి, చెమటలు వస్తే మాత్రం రేపటికి ఆగకూడదు, 108 పిలవాలి. పెద్ద దుఃఖం నిజంగానే గుండె కండరాన్ని తాత్కాలికంగా బలహీనం చేస్తుంది, అది గుండెపోటులాగే ఉంటుంది, ఆసుపత్రిలో పరీక్షలు చేయకుండా తేడా చెప్పలేం.

ఆల్ప్రాజోలం నెల రోజులు రోజూ వేసుకున్నాక ఒక్కసారిగా ఆపొద్దు. నిద్ర మరీ చెడుతుంది, చేతులు వణుకుతాయి, కొందరికి ఫిట్సు కూడా వస్తాయి. డాక్టరు దగ్గర డోసు తగ్గించుకుంటూ రావాలి. ఆ మాత్రలు వేసుకున్న రాత్రి నాన్నగారిని లేపబోతే ఇద్దరూ పడతారు. మాత్రల పట్టీ మొత్తం అక్క దగ్గర ఉంచకండి, కూతురి చేతికివ్వండి, రోజుకొకటి.

ఒక ప్రశ్న మీరు సూటిగా అడగాలి, నంగిగా కాదు: 'అక్కా, చచ్చిపోవాలని అనిపిస్తోందా?' అడిగితే ఆలోచన పుట్టదు, ఉన్నది బయటికొస్తుంది. 'సంవత్సరీకం దాకా ఆగుదాం' అనే మాట వెనక ఒక్కోసారి 'నాకెందుకు ఇంక వైద్యం' అన్నది ఉంటుంది. అవునంటే ఆ పూట ఒంటరిగా వదలకండి, పురుగుల మందు డబ్బాలు ఇంట్లోంచి తీయించండి, 14416కి ఫోన్ చేయండి. టెలిమానస్, ఉచితం, 24 గంటలూ తెలుగులో మాట్లాడతారు. మీరు కువైట్ నుంచి చేస్తే కలవకపోవచ్చు, బావ చేత గానీ అమ్మాయి చేత గానీ చేయించండి.

ఫలితం సంగతి అక్కకి చెప్పాలా వద్దా అని ఇంట్లో పంచాయితీ పెడతారు. దాచొద్దు. వైద్యం మొదలయ్యాక జుట్టు ఊడుతుంటే ఎలా దాస్తారు? 'రిపోర్టు వచ్చాక ఎంతవరకు వినాలని ఉంది, పక్కన ఎవరుండాలి' అని బయాప్సీకి ముందే ఆవిడనే అడగండి. అమ్మానాన్నలకి మాత్రం తేలేదాకా ఏమీ చెప్పక్కర్లేదు. చుట్టాలకి చెప్పే పని మీరు పెట్టుకోండి, దూరంలో ఉన్నవాళ్లు చేయగలిగినవాటిలో ఇది పెద్దది. అందరూ మీకే ఫోన్ చేయాలి, అక్కకి కాదు.

లంక ఊరి ఆశా

డేటు గురించి. 1వ తారీకు వద్దు, అమ్మానాన్నల పింఛను ఇంటికి తెస్తారు, వేలిముద్రకి ఎవరో ఒకరు దగ్గరుండాలి. జూలై, ఆగస్టుల్లో అయితే ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర వరద లెక్క చూడండి. 10 లక్షల క్యూసెక్కులకి మొదటి హెచ్చరిక, 13కి రెండోది, 17కి మూడోది. మొదటి హెచ్చరిక వచ్చిందంటే కనకాయలంకలాంటి చోట్ల కాజ్‌వే మునుగుతుంది, సఖినేటిపల్లి నర్సాపురం మధ్య రేవు దాటించే పంటు ఆపేస్తారు. భద్రాచలం దగ్గర నీళ్లు పెరుగుతున్నాయని వార్త వచ్చినప్పుడే మీకు కొంత టైముంటుంది, అప్పుడే కదలండి లేదా వాయిదా వేయండి. వరద రోజుల్లో ఇంట్లో రెండు వారాల ఇన్సులిన్, సిరంజీలు, షుగర్ పట్టీలు ఉండాలి, పడవ మీద మందులు వచ్చేదాకా కూర్చోలేం.

రాజోలు నుంచి పాలకొల్లు, భీమవరం వైపైతే దిండి చించినాడ వంతెన మీదుగా దగ్గర. కాకినాడ అయితే అమలాపురం, ఎదుర్లంక, యానాం మీదుగా వెళ్లాలి, తెల్లారకుండా బయల్దేరితే ఓపీ చీటీకి అందుతారు. తిరుగు ప్రయాణం బస్సులో వద్దు. గోతుల రోడ్డులో పట్టీ వేసిన చోట అదురుతుంది, కారే మాట్లాడండి. సీటుబెల్టు ఎడమ రొమ్ము మీద పడకుండా అక్కని ఎడమవైపు సీటులో కాక డ్రైవరు వెనక కూర్చోబెట్టండి.

డబ్బు లెక్క చెప్పలేదు ఎవరూ. కాన్సరని తేలకముందు ఓపీలో చేసే పరీక్షలకి మామూలుగా చేతి డబ్బే పడుతుంది, ప్రభుత్వాసుపత్రిలో తప్ప. తేలాక బియ్యం కార్డుతో ఆసుపత్రిలో ఉండే ఆరోగ్యమిత్ర కౌంటరు దగ్గర కేసు రాయిస్తే వైద్యం ఉచితం. ఆధార్, బియ్యం కార్డు, బయాప్సీ రిపోర్టు ఒరిజినల్ పట్టుకెళ్లాలి.

కువైట్ చెల్లెలు

సీటుబెల్టు డ్రైవరు వెనకైతే కుడి భుజం మీదుగా వస్తుంది కదండీ, అదే కదా మీరనేది?

లంక ఊరి ఆశా

అవునండి. మన కార్లలో కుడిపక్క కూర్చుంటే బెల్టు కుడి భుజం నుంచి ఎడమ నడుముకి వస్తుంది, ఎడమ రొమ్ము పైభాగం తప్పించుకుంటుంది. గడ్డ కిందివైపు ఉంటే మధ్యలో మడతపెట్టిన మెత్తని తువ్వాలు పెట్టండి. బెల్టు మానెయ్యడం మాత్రం వద్దు.